నిమ్మకాయ నుంచి కనిగిరి నీళ్ల దాకా: సెల్ పొటెన్షియల్ అనే తేడా

పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయకు సైజును బట్టే రేటు. కానీ ఒక పరీక్షలో మాత్రం పెద్ద కాయ, చిన్న కాయ సమానమే. జింకు పూత ఉన్న మేకు ఒకటి, రాగి తీగ ముక్క ఒకటి, రెండూ ఒకదానికొకటి తగలకుండా కాయలోకి గుచ్చి మల్టీమీటర్ పెడితే సుమారు 0.9 నుంచి 1 వోల్టు చూపిస్తుంది. గోలీకాయంత నిమ్మకైనా అంతే, దబ్బకాయకైనా అంతే. నాలుగు కాయల్ని వరసగా కలిపితే నాలుగు వోల్టుల దగ్గరికి వస్తుంది, చిన్న ఎర్ర ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది. అదే నాలుగు కాయలకు టార్చిలైటు బల్బు తగిలిస్తే మినుకు కూడా ఉండదు.

స్కూళ్లలో సైన్స్ ఫెయిర్ పెట్టినప్పుడు దీన్ని ‘నిమ్మకాయ నుంచి కరెంటు’ అని చార్టు మీద రాస్తుంటారు. ఆ మాట సరైంది కాదు. కాయను వారం పాటు అలాగే బల్బుకు కలిపి ఉంచి మేకు బయటికి తీస్తే, దాని పూత తినేసినట్టు కనిపిస్తుంది. ఖర్చయింది జింకు. శక్తి దానిదే. అయాన్లు, అంటే చార్జి ఉన్న కణాలు, అటూ ఇటూ కదలడానికి నిమ్మరసం దారి ఇచ్చింది, రాగి దగ్గర ఎలక్ట్రాన్లను పుచ్చుకోవడానికి కావలసిన సరుకు అందించింది, అంతే. కాయ పెద్దదైతే వోల్టేజీ ఎందుకు పెరగదు? నాలుగు వోల్టులు ఉన్నా బల్బు ఎందుకు వెలగదు? ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీలో ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠం మొత్తం దాదాపు ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. కాకపోతే పరీక్షల తొందరలో సూత్రాలు మిగులుతాయి, ప్రశ్నలు జారిపోతాయి.

నిమ్మతోటల రైతులకు మైలుతుత్తం కొత్త కాదు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా చెట్లకు కొడతారు. అదే కాపర్ సల్ఫేట్. గ్లాసులో మైలుతుత్తం నీళ్లు పోసి జింకు ముక్క వేస్తే నీలం రంగు మెల్లగా వెలిసిపోతుంది, ముక్క మీద ఎర్రటి రాగి పొడి పేరుకుంటుంది, గ్లాసు వెచ్చబడుతుంది. జింకు ఎలక్ట్రాన్లు ఇచ్చి నీళ్లలో కరిగిపోతోంది. కరిగి ఉన్న రాగి అయాన్లు ఆ ఎలక్ట్రాన్లు పుచ్చుకుని లోహంగా బయటపడుతున్నాయి. ఇచ్చేదీ పుచ్చుకునేదీ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఎలక్ట్రాన్ నేరుగా చేతులు మారుతుంది, శక్తంతా వేడిగా పోతుంది.

1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ చేసింది ఈ ఇద్దరినీ విడదీయడం. జింకును ఒక పాత్రలో, రాగిని మైలుతుత్తం నీళ్లతో ఇంకో పాత్రలో ఉంచి, రెండు ద్రావణాల మధ్య అయాన్లకు మాత్రం దారి వదిలాడు. ఇప్పుడు లాబుల్లో ఆ దారి కోసం సాల్ట్ బ్రిడ్జి, అంటే ఉప్పు ద్రావణం నింపిన గొట్టం, పెడతారు. ఎలక్ట్రాన్‌కు ద్రావణంలో దారి లేదు. బయట తీగ గుండానే పోవాలి. అలా పోతూ పోతూ మోటారు తిప్పుతుంది, బల్బు వెలిగిస్తుంది. జరిగే రసాయన చర్య గ్లాసులో జరిగినదే. 65 గ్రాముల జింకును గ్లాసులోనే కరగనిస్తే దాదాపు 219 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అదే జింకును డేనియల్ సెల్‌లో నిదానంగా వాడుకుంటే అందులో 212 కిలోజౌళ్ల దాకా విద్యుత్ పనిగా రాబట్టవచ్చు. ఇంటి మీటర్ లెక్కలో అది 0.06 యూనిట్. ఒక్క యూనిట్ కరెంటుకు కిలో పైన జింకు కరగాలి. బ్యాటరీల కరెంటు ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఆ 212 కిలోజౌళ్లు ఎలా వచ్చాయో చూస్తే వోల్టేజీ అర్థమవుతుంది. 65 గ్రాముల జింకు అంటే ఒక మోల్, పరమాణువులను లెక్కపెట్టడానికి రసాయన శాస్త్రం వాడే కట్ట. ఒక్కో పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి మొత్తం దాదాపు 1,93,000 కూలుంబుల చార్జి (చార్జిని కొలిచే ప్రమాణం కూలుంబు). ప్రమాణ స్థితిలో డేనియల్ సెల్ పొటెన్షియల్, అంటే దాని రెండు కొసల మధ్య వోల్టేజీ, 1.10 వోల్టులు. అంటే దాటే ప్రతి కూలుంబుకు 1.10 జౌళ్ల పని. రెండింటినీ గుణిస్తే 212 కిలోజౌళ్లు. వోల్టు అన్న మాటకు అర్థం అదే: తల ఒక్కింటికి ఎంత. మొత్తం ఎంత అన్నది వోల్టు చెప్పదు.

నెల్లూరు జిల్లాలో దీనికి కళ్లెదుట పోలిక ఉంది. సోమశిల నుంచి కండలేరుకు వరద కాలువలో నీళ్లు ఏ పంపూ లేకుండా వాలు మీదే పారతాయి. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68. కానీ నీళ్లు పారడానికి కారణం ఒకదాంట్లో పది టీఎంసీలు ఎక్కువ పట్టడం కాదు, ఒకదాని నీటిమట్టం ఇంకోదాని కన్నా ఎత్తులో ఉండడం. కండలేరు పదింతలు పెద్దదైనా మట్టం కింద ఉంటే నీళ్లు అటే పోతాయి. టీఎంసీలు చార్జి లాంటివి, మట్టాల తేడా వోల్టేజీ లాంటిది. దబ్బకాయలో రసం ఎక్కువ, మేకు పెద్దదైతే జింకూ ఎక్కువ. ఎక్కువ రోజులు నడుస్తుందేమో గానీ మట్టం మాత్రం పెరగదు.

పరీక్షల్లో ఏటా కొందరి మార్కులు పోయే చోటు ఇదే. సమీకరణాన్ని తుల్యం చేయడానికి ఒక అర్ధ చర్యను (ఎలక్ట్రాన్లు ఇచ్చే సగాన్ని గానీ పుచ్చుకునే సగాన్ని గానీ) రెండుతో గుణించినప్పుడు, దాని పొటెన్షియల్‌ను కూడా రెండుతో గుణించేస్తారు. జింకు, వెండి సెల్‌లో ఒక జింకుకు రెండు వెండి అయాన్లు కావాలి. అందుకని వెండి పొటెన్షియల్ 0.80ని 1.60 చేయకూడదు. రెండు చెరువుల నీళ్లు కలిపితే టీఎంసీలు కూడతాయి గానీ మట్టం రెట్టింపు కాదు.

మట్టం అన్నాక ఎక్కడి నుంచి అని అడగాలి. నెల్లూరు స్టేషన్‌లోనో ఒంగోలు స్టేషన్‌లోనో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. సముద్రమట్టం సున్నా అన్నది మనుషులు పెట్టుకున్న ఒప్పందం. ఎలక్ట్రోడ్ల లోకంలో ఆ సున్నా ప్రమాణ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ది. ప్లాటినం రేకు, దాని మీదుగా హైడ్రోజన్ వాయువు, చుట్టూ ఆమ్లం. ఏ అర్ధ ఘటాన్నైనా, అంటే సెల్‌లో ఒక ఎలక్ట్రోడ్ ఉన్న సగాన్ని, దానితో జత చేసి కొలిచి పట్టికలో రాస్తారు. ఒంటి ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను విడిగా కొలిచే పద్ధతి లేదు. మల్టీమీటర్‌కు రెండు తీగలు ఉండాలి, ఆ రెండో తీగను ద్రావణంలో ముంచిన మరుక్షణం అదే ఇంకో ఎలక్ట్రోడ్ అయిపోతుంది. కాబట్టి ‘జింకు వోల్టేజీ మైనస్ 0.76’ అన్న మాట సగమే నిజం. ‘హైడ్రోజన్‌తో పోల్చినప్పుడు’ అన్నది అందులో ఎప్పుడూ దాగి ఉంటుంది. ఈ పాఠంలో పట్టుకోవలసిన ముఖ్యమైన సంగతి ఇదే. పొటెన్షియల్ ఒక లోహం సొత్తు కాదు, ఇద్దరి మధ్య ఉన్న తేడా.

పట్టికలో అంకెలన్నీ ఎలక్ట్రాన్ పుచ్చుకునే ధోరణిని చెబుతాయి. లిథియం మైనస్ 3.04, మెగ్నీషియం మైనస్ 2.37, అల్యూమినియం మైనస్ 1.66, జింకు మైనస్ 0.76, ఇనుము మైనస్ 0.44, రాగి ప్లస్ 0.34, వెండి ప్లస్ 0.80, అందరికన్నా ఆశపోతు ఫ్లోరిన్ ప్లస్ 2.87. సెల్ కట్టినప్పుడు పుచ్చుకునే వైపు అంకెలో నుంచి ఇచ్చే వైపు అంకె తీసివేస్తే చాలు. 0.34లో నుంచి మైనస్ 0.76 తీసేస్తే 1.10. ఆక్సీకరణం కాబట్టి జింకు గుర్తు మార్చి, ఆ మీదట మళ్లీ తీసివేసి, 1.10కి బదులు మైనస్ 0.42 తెచ్చుకునే విద్యార్థులు ఉంటారు. గుర్తు మారిస్తే కూడాలి, మార్చకపోతే తీసివేయాలి. రెండూ చేయకూడదు. జవాబు ప్లస్ వస్తే చర్య ఆ దిశలో దానంతటదే జరుగుతుంది. మైనస్ వస్తే ఎదురు దిశలో జరుగుతుంది. ఇనుప మేకును మైలుతుత్తం నీళ్లలో వేస్తే 0.78 వోల్టులు ప్లస్, మేకుకు రాగి పడుతుంది. రాగి బిళ్లను జింకు సల్ఫేట్‌లో ఏళ్ల తరబడి ఉంచినా జింకు పట్టదు.

దిశ సరే, వేగం?

‘దానంతటదే జరుగుతుంది’ అన్న మాట ఇప్పుడే జరుగుతుందని హామీ ఇవ్వదు. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఇది పుస్తకంలో విషయం కాదు. మామూలు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు పుచ్చుకునే పొటెన్షియల్ ప్లస్ 0.82 దాకా ఉంటుంది. ఇనుముది మైనస్ 0.44. తేడా 1.26 వోల్టులు, డేనియల్ సెల్ కన్నా ఎక్కువ. కొత్తపట్నం ఒడ్డున గేటుకు, ఒంగోలు ఊళ్లో గేటుకు ఈ అంకె ఇంచుమించు ఒకటే. అయినా కొత్తపట్నం గేటు ముందు తుప్పు పడుతుంది. ఉప్పుగాలి ఇనుము మీద తడిపొరను నిలబెడుతుంది, ఆ పొరలో కరెంటు తేలిగ్గా పారుతుంది. తేడా అదే ఉన్నా దారి తెరుచుకున్నచోట పని తొందరగా అవుతుంది.

అల్యూమినియం దీనికి ఎదురు ఉదాహరణ. పట్టిక ప్రకారం జింకు కన్నా దాదాపు ఒక వోల్టు ఎక్కువ ధోరణితో కరిగిపోవాలి. కానీ వంటింట్లో అల్యూమినియం గిన్నె తరాలు నిలుస్తుంది. గాలి తగలగానే దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర పల్చనిదే గానీ దిట్టమైనది, దారి మూసేస్తుంది. అందుకే సముద్రంలో పనిచేసే ఇంజినీర్లు పుస్తకంలో పట్టికను నమ్ముకుని ఊరుకోరు. సముద్రపు నీళ్లలో ఏ లోహం ఏ పొటెన్షియల్ దగ్గర నిలుస్తుందో కొలిచి తయారుచేసిన వేరే వరుస వాళ్ల దగ్గర ఉంటుంది. అందులో పొర కప్పుకున్న మామూలు అల్యూమినియం జింకు కన్నా పైన ఉంటుంది, అంటే జింకు కన్నా తక్కువ ఆత్రంగా కరుగుతుంది.

కృష్ణపట్నం లాంటి రేవులకు వచ్చే ఉక్కు ఓడల అడుగున, చుక్కాని దగ్గర జింకు దిమ్మలు బిగించి ఉంటాయి. ఉక్కుకు జింకు తగిలి, చుట్టూ ఉప్పునీళ్లు ఉంటే అది పెద్ద డేనియల్ తరహా సెల్ అవుతుంది. జింకు కరుగుతూ ఎలక్ట్రాన్లు పంపుతుంటే ఉక్కు కరగడానికి వీలుండదు. సముద్రపు నీళ్లలో వాడే వెండి, సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి ఉక్కు మైనస్ 0.80 వోల్టుల దగ్గర గానీ ఇంకా కింద గానీ ఉంటే రక్షణ సరిగ్గా అందుతున్నట్టు లెక్క. ఈ ఉపాయం 1824లో హంఫ్రీ డేవీది. బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున తొడిగిన రాగి రేకులు తినేస్తున్నాయని, వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించాడు. రాగి కరగడం ఆగింది. కానీ కరిగే రాగి విషానికే అంతవరకూ దూరంగా ఉన్న గుల్లపురుగులు, నాచు ఆ తర్వాత అడుగంతా పట్టి ఓడల వేగం తగ్గించాయి. ఒక చర్యను ఆపితే దాని మీద ఆధారపడిన మేలు కూడా ఆగిపోతుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

ఒడ్డున ఇళ్ల స్లాబుల సంగతి దీనికన్నా ముఖ్యం. కాంక్రీటు లోపల పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 పైన క్షారం) 12 పైన ఉంటుంది. ఆ క్షారంలో కమ్మీల మీద రక్షణ పొర ఏర్పడుతుంది. ఉప్పుగాలి వల్లనో, ఉప్పునీళ్లతో కాంక్రీటు కలపడం వల్లనో లోపలికి చేరిన క్లోరైడ్ ఆ పొరను చీలుస్తుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడతాయి. పెచ్చు ఊడేదాకా ఆగకుండా లోపలి సంగతి తెలుసుకునే పరీక్ష ఒకటుంది. ఒక తీగ కమ్మీకి కలుపుతారు. ఇంకో తీగ కొసన, చిక్కటి మైలుతుత్తం ద్రావణంలో ముంచిన రాగి కడ్డీ. దాని అడుగున తడి ఊరే మూత. దాన్ని తడిపిన కాంక్రీటు మీద ఒక్కోచోట ఆనించి మిల్లీవోల్టులు రాసుకుంటారు. మైనస్ 200 కన్నా పైన ఉంటే అక్కడ తుప్పు లేకపోయే అవకాశం 90 శాతానికి మించి, మైనస్ 350 కన్నా కింద ఉంటే తుప్పు నడుస్తున్న అవకాశం 90 శాతానికి మించి. మధ్యలో ఉంటే తేల్చి చెప్పలేం. డేనియల్ సెల్‌లో రాగి సగం యథాతథంగా ఈ పరికరంలో ఉంది. జింకు స్థానంలో ఇంటి కమ్మీ వచ్చింది. ఈ పరీక్ష కూడా తుప్పు ఎంత వేగంగా పడుతోందో చెప్పదు. దానికి వేరే కొలతలు కావాలి.

టార్చి బల్బు ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మల్టీమీటర్ దాదాపు కరెంటు లాగకుండా చూస్తుంది, కాబట్టి నిమ్మకాయ మట్టం పూర్తిగా కనిపిస్తుంది. బల్బుకు వందల మిల్లీ ఆంపియర్లు కావాలి. నిమ్మగుజ్జులో దారి ఇరుకు, ఎలక్ట్రోడ్ల మీద చర్య నిదానం. ఒక మిల్లీ ఆంపియర్ లాగేసరికే వోల్టేజీ కూలిపోతుంది. ముసలిదైన ఇన్వర్టర్ బ్యాటరీ ఉత్తప్పుడు 12.6 చూపించి, తుపాను రాత్రి ఫ్యాను వేయగానే పడిపోవడం ఇదే జబ్బు. దాని పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి దారి మూసుకుపోయింది. లోడ్ లేకుండా చూసిన వోల్టేజీని నమ్మి బ్యాటరీ కొనడం మంచిది కాదు.

గాఢత మారితే

పట్టికలో అంకెలన్నీ 25 డిగ్రీల దగ్గర, ద్రావణాలు ఒక మోలార్ (లీటరుకు ఒక మోల్) గాఢతలో ఉన్నప్పటివి. వాడుతున్నకొద్దీ డేనియల్ సెల్‌లో జింకు అయాన్లు పెరుగుతాయి, రాగి అయాన్లు తగ్గుతాయి. వోల్టేజీ ఎంత తగ్గుతుంది? దీనికి 1889లో వాల్టర్ నెర్న్‌స్ట్ సమీకరణం ఇచ్చాడు. ఆయనకు రసాయన శాస్త్రంలో 1920 సంవత్సరపు నోబెల్ దక్కింది. సమీకరణం సారం ఇది: ఉత్పన్నాల గాఢతను అభిచర్యకాల గాఢతతో భాగిస్తే వచ్చే నిష్పత్తి పదింతలు పెరిగినప్పుడల్లా వోల్టేజీ 59 మిల్లీవోల్టులు తగ్గుతుంది, ఆ 59ని చర్యలో చేతులు మారే ఎలక్ట్రాన్ల సంఖ్యతో భాగించాలి. డేనియల్ సెల్‌లో రెండు ఎలక్ట్రాన్లు, కాబట్టి పదింతలకు 30 మిల్లీవోల్టులు.

పదింతలకు ముప్పై మిల్లీవోల్టులే అన్నచోట ఆగి ఆలోచించాలి. రాగి అయాన్లు నూరోవంతుకు తగ్గిపోయినా, అంటే 99 శాతం సరుకు అయిపోయినా, ఆ సరికి జింకు అయాన్లు దాదాపు రెట్టింపు కావడం కూడా కలుపుకుని వోల్టేజీ 1.10 నుంచి 1.03 దగ్గరికే దిగుతుంది. చాలా సెల్స్ చివరిదాకా బాగానే ఉన్నట్టు కనిపించి ఒక్కసారిగా చతికిలబడటం వెనక పదింతలకు ఒక్కో మెట్టు దిగే ఈ లాగరిథమ్ ఉంది. వోల్టేజీ పూర్తిగా సున్నా కావాలంటే ఆ నిష్పత్తి 1 పక్కన 37 సున్నాలంత పెరగాలి. అదే ఈ చర్య సమతాస్థితి స్థిరాంకం. అక్కడికి చేరితే సెల్ చచ్చిపోయినట్టు. వోల్టేజీ అంటే ఆ చావు ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత అనుకుంటే తప్పు లేదు. జింకుకూ హైడ్రోజన్‌కూ మధ్య పట్టిక లెక్క 0.76 వోల్టులే, నిమ్మకాయ వోల్టేజీ దానికి మించి ఉండటానికీ ఇదే ఒక కారణం. రసంలో మొదట జింకు అయాన్లు లేనట్టే కాబట్టి, జింకు ఇంకా ఆత్రంగా కరుగుతుంది. రాగి దగ్గర హైడ్రోజన్ అయాన్లతో పాటు గాలి నుంచి కరిగిన ఆక్సిజన్ కూడా ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఆమ్లం కేవలం దారి కాదు, ఖర్చయ్యే సరుకు. లెడ్ డయాక్సైడ్ వైపు ప్లస్ 1.69, లెడ్ వైపు మైనస్ 0.36, తేడా 2.05 వోల్టులు, అలాంటివి ఆరు కలిపితే 12 పైచిలుకు. వాడేకొద్దీ ఆమ్లం తగ్గి నీళ్లు పెరుగుతాయి. మెకానిక్ హైడ్రోమీటర్ ముంచి గ్రావిటీ చూసేది దానికే. పూర్తిగా చార్జయిన కారు బ్యాటరీలో అది 1.28 దగ్గర ఉంటుంది.

ఇదే 59 మిల్లీవోల్టులు రొయ్యల చెరువు గట్టు మీద కూడా ఉన్నాయి. పీహెచ్ మీటర్ కొసన పల్చని గాజు బుడగ ఉంటుంది. దాని లోపల తెలిసిన ఆమ్లం, బయట చెరువు నీళ్లు. రెండు వైపులా హైడ్రోజన్ అయాన్ల తేడా వల్ల గాజుకు అటూ ఇటూ పొటెన్షియల్ తేడా ఏర్పడుతుంది. పీహెచ్ ఒక అంకె మారితే హైడ్రోజన్ అయాన్లు పదింతలు మారినట్టు, కాబట్టి 25 డిగ్రీల దగ్గర 59, 30 డిగ్రీల దగ్గర 60 మిల్లీవోల్టులు. ఇలాంటి మీటర్‌ను 1934లో ఆర్నాల్డ్ బెక్‌మన్ తయారుచేసింది కాలిఫోర్నియా పండ్ల పరిశ్రమలో పనిచేసే కెమిస్టు ఒకరు నిమ్మరసం పులుపు కొలిచే సాధనం కావాలని అడిగినందుకు. నిమ్మకాయతో మొదలుపెట్టిన వ్యాసంలో ఈ సంగతి చెప్పకుండా ఉండలేం.

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు వనామీ రొయ్యలు సాగుచేసేవాళ్లకు తెల్లవారుజామున, మధ్యాహ్నం పీహెచ్ చూడటం అలవాటు. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసుకుంటుంది, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి దిగుతుంది. పీహెచ్ పెరిగితే నీళ్లలోని అమ్మోనియాలో విషపు రూపం వాటా పెరుగుతుంది. మంచినీటి లెక్కలో, 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 8లో అది 7 శాతం పైచిలుకు, 9లో దాదాపు 45 శాతం. ఇప్పుడు గాజు ఎలక్ట్రోడ్ పాతబడి పీహెచ్ ఒక్కింటికి 59కి బదులు 50 మిల్లీవోల్టులే ఇస్తోందనుకుందాం. 7 బఫర్ (పీహెచ్ 7 దగ్గర నిలిచి ఉండే ద్రావణం) ఒక్కదానితోనే సరిచేసి వాడితే, నిజంగా 9 ఉన్న చెరువుకు మీటర్ 8.7 చూపిస్తుంది. 8.7 దగ్గర విషపు వాటా 29 శాతం. రైతు 29 అనుకుని ధైర్యంగా ఉంటాడు, రొయ్యలు 45లో ఈదుతుంటాయి. 7తో పాటు 10 బఫర్‌లో కూడా ముంచి చూస్తే ఈ తప్పు అక్కడే బయటపడుతుంది. రెండో బఫర్ సీసా ఖర్చు చెరువు ఖర్చుల్లో ఎంచదగ్గది కాదు. పొర తొడుగు ఉన్న ఆక్సిజన్ మీటర్ మాత్రం వేరే జాతి. అందులో చూసేది పొటెన్షియల్ కాదు, పొర దాటి వచ్చిన ఆక్సిజన్ ఎంత కరెంటు పారించిందన్నది.

ఇక కనిగిరి. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ల మీద గారలతో మొదలై వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయేదాకా దాని బాధ ఆ పల్లెలకు తరాలుగా తెలుసు. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఫలానా బోరు నీళ్లు తాగవచ్చా అన్నది తేల్చడానికి లాబులో వాడే నమ్మకమైన సాధనాల్లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఒకటి. 1966లో వెలుగులోకి వచ్చింది. దాని కొసన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం, అందులో కొద్దిగా యూరోపియం. ఆ స్ఫటికంలో కదలగలిగింది ఫ్లోరైడ్ అయాన్ ఒక్కటే. లోపల తెలిసిన ఫ్లోరైడ్, బయట బోరు నీళ్లు. రెండింటి తేడా పొటెన్షియల్‌గా కనిపిస్తుంది. ఇక్కడ ఏ లోహమూ కరగదు, స్ఫటికం దాటి ఏ ఎలక్ట్రానూ పోదు. అయినా నెర్న్‌స్ట్ లెక్కే. ఫ్లోరైడ్ పదింతలైతే 59 మిల్లీవోల్టులు, అయాన్ చార్జి రుణం కాబట్టి పైకి కాకుండా కిందికి.

ఈ పద్ధతి బలమూ బలహీనతా ఒకే అంకెలో ఉన్నాయి. 1.5 మిల్లీగ్రాముల నీళ్లకూ 3 మిల్లీగ్రాముల నీళ్లకూ మధ్య, అంటే సరిహద్దులో ఉన్న బోరుకూ రెట్టింపు విషమున్న బోరుకూ మధ్య, మీటర్ మీద తేడా 18 మిల్లీవోల్టులు. 1.5కూ 2కూ మధ్య ఏడున్నర. కొలతలో ఒక్క మిల్లీవోల్టు అటూ ఇటూ అయితే ఫ్లోరైడ్ లెక్కలో 4 శాతం తప్పు. లాగరిథమ్ కాబట్టి చాలా పల్చని నీళ్ల నుంచి చాలా చిక్కటి నీళ్ల దాకా ఒకే ఎలక్ట్రోడ్ కొలవగలదు. లాగరిథమ్ కాబట్టే చిన్న వోల్టేజీ తప్పు పెద్ద గాఢత తప్పుగా మారుతుంది.

అందుకే నీళ్లను నేరుగా కొలవరు. ఒక బఫర్‌ను సమానంగా కలుపుతారు. నీళ్లలో అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని ఎలక్ట్రోడ్‌కు కనపడకుండా దాచేస్తాయి. బఫర్ దాన్ని విడిపిస్తుంది. పీహెచ్‌ను 5, 5.5 మధ్య నిలుపుతుంది. ఇంకా పులుపైతే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి మాయమవుతుంది, క్షారం ఎక్కువైతే హైడ్రాక్సైడ్ అయాన్లు స్ఫటికాన్ని మోసగిస్తాయి. బోరు నీళ్లలో ఉప్పులు ఎన్ని ఉన్నా, ఫ్లోరైడ్ ఎంతో ముందే తెలిసిన ప్రమాణ ద్రావణంతో సరితూగేలా చేస్తుంది. తర్వాత 1 మిల్లీగ్రాము, 10 మిల్లీగ్రాముల ప్రమాణ ద్రావణాలు చూస్తారు. రెండింటి మధ్య తేడా 59 దగ్గర వస్తే ఎలక్ట్రోడ్ బాగున్నట్టు, బాగా తగ్గితే ఆ రోజు కొలతలు ఆపాల్సిందే.

ఇన్ని చేసినా మిగిలేది వేడి. ఆ 59 మిల్లీవోల్టులు 25 డిగ్రీల మాట. 40 డిగ్రీల దగ్గర అది 62. కనిగిరి ఎండలో జీపులో తెచ్చిన సీసా వెచ్చగా ఉంటుంది, లాబులో ప్రమాణ ద్రావణాలు చల్లగా ఉంటాయి. ఒక మిల్లీవోల్టుకే 4 శాతం పోయేచోట ఆ తేడాను వదిలేయడానికి లేదు. అందుకని పని తెలిసిన లాబు మనిషి సీసా రాగానే మూత తీయడు. ప్రమాణ ద్రావణాల పక్కనే దాన్నీ పెట్టి, అన్నీ ఒకే వేడికి వచ్చేదాకా ఆగుతాడు.